నార్వేజియన్ సమాసాలు ఉత్త అతుకులు కావు

నార్వేజియన్ నేర్చుకునేవాళ్ల మధ్య ఒక సలహా చాలాకాలంగా తిరుగుతోంది: "పొడుగాటి మాట చూసి భయపడొద్దు. చిన్న మాటల్ని అతికించారు, అంతే. ఒక్కోటీ విడిగా పలకండి. మధ్యలో ఖాళీ వదిలి రాసినా ఏం కాదు." భయపడొద్దన్నంత వరకు ఒప్పుకుంటాను. మిగతాది తప్పు.

ఖాళీ వదిలితే ఏం కాదా? 'లమ్మెలోర్' అంటే గొర్రెపిల్ల తొడమాంసం. 'లమ్మె లోర్' అని విడగొడితే చచ్చుబడిన తొడలు! 'టూన్‌ఫిస్క్‌బీటెర్' ట్యూనా ముక్కలు. విడదీస్తే 'ట్యూనా కరుస్తుంది' అని వాక్యమైపోతుంది. మనకిది కొత్త కాదు. పెద్దపులి వేరు, పెద్ద పులి వేరు. నల్లమందు వేరు, నల్ల మందు వేరు.

ఇక "ఒక్కోటీ విడిగా పలకండి" అన్నది. అసలు నష్టం ఇక్కడే. వినేవాడికి కాగితం మీది ఖాళీ కనబడదు కదా, మరి తేడా ఎలా తెలుస్తుంది? ఊనిక వల్ల. లమ్మెలోర్‌లో బరువు 'లమ్' మీద పడుతుంది, 'లోర్' దాని వెనక తగ్గి నడుస్తుంది. రెండు మాటలైతే 'లోర్' కూడా తన బరువు తాను తెచ్చుకుంటుంది. తెలుగులో ఊనిక మారితే మాటకు అర్థం మారదు, అందుకే మనం అన్ని అక్షరాలనూ ఇంచుమించు సమంగా పలుకుతాం. 'బార్నెహాగె' (పిల్లల బడి) అనేటప్పుడు బార్-నె-హా-గె నాలుగూ సమంగా వచ్చేస్తాయి. 'బార్' దగ్గర గట్టిగా నొక్కండి. 'హా' దీర్ఘం అలాగే ఉంచి, నొక్కు మాత్రం తగ్గించండి. గట్టిగా పదిసార్లు అనుకుంటే నోటికి పట్టుబడుతుంది.

"నియమాలేం లేవు" అనేవాళ్లూ ఉన్నారు. బార్న్ అంటే బిడ్డ, నపుంసకలింగం. హాగె అంటే తోట, పుంలింగం. కలిపితే లింగం చివరి మాటదే: 'ఎన్ బార్నెహాగె'. మధ్యలో చేరిన ఆ 'ఎ' కూడా ఇష్టం వచ్చినట్టు పెట్టేది కాదు.

నాకు బాగా నచ్చింది 'స్'. వైన్ గ్లాసు 'వీన్‌గ్లాస్'. రెడ్ వైన్ గ్లాసు మాత్రం 'రోవీన్స్‌గ్లాస్'. మొదటి భాగమే సమాసమైనప్పుడు చాలాసార్లు ఇలా ఒక 'స్' వచ్చి చేరుతుంది. అది వినబడగానే తెలిసిపోతుంది, ఎరుపు వైన్‌దే కానీ గ్లాసుది కాదని.