సవరణ: ఖడ్గమృగాలు ఖండాలు దాటిన దారి

ప్రాచీన ఖడ్గమృగాలపై ఇంతకుముందు రాసిన వ్యాసంలో, ఉత్తర అట్లాంటిక్ మీదుగా యూరప్‌నూ ఉత్తర అమెరికానూ కలిపిన నేల దారి సుమారు 5.6 కోట్ల ఏళ్ల కిందటే తెగిపోయిందనీ, ఆ తర్వాత ఈ జంతువులు ఆసియానూ అలాస్కానూ కలిపిన బేరింగ్ వైపు నుంచే ఖండాలు మారాయనీ ఖాయంగా చెప్పాను. అది పొరపాటు.

కెనడా ఉత్తర కొసన, డెవాన్ ద్వీపంలోని హాటన్ బిలంలో, అంటే ఉల్క పడ్డ గోతిలో, ఏర్పడిన పాత సరస్సు మట్టిలో దొరికిన ఖడ్గమృగాన్ని 2025 అక్టోబరులో ‘ఎపియాథెరాసీరియం ఇట్జిలిక్’ అనే కొత్త జాతిగా ప్రకటించారు. అక్కడి ఇన్యూట్ ప్రజల ఇనుక్టిటుట్ భాషలో ఇట్జిలిక్ అంటే మంచు పేరుకున్నది అని అర్థం. దానికి కొమ్ము లేదు; అది సుమారు 2.3 కోట్ల ఏళ్ల కిందటిది. ఎముకల్లో చాలా భాగాన్ని 1986లోనే శిలాజ పరిశోధకురాలు మేరీ డాసన్ సేకరించారు. నేల గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకడుతూ ఎముకలను చెల్లాచెదురు చేసినా, అస్థిపంజరంలో దాదాపు 75 శాతం దక్కడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

అసలు విషయం దాని బంధుత్వంలో ఉంది. దగ్గరి జాతులు యూరప్‌వి కావడంతో, దాని పూర్వికులు గ్రీన్‌లాండ్ మీదుగా, నేను చెప్పిన కాలానికి కోట్ల ఏళ్ల తర్వాత వచ్చి ఉండాలని పరిశోధకులు వాదిస్తున్నారు. నడుమ ఉన్న ఇరుకు జలసంధులను శీతాకాలపు మంచు కప్పి దారి ఇచ్చి ఉండవచ్చు.

ఆ పాత వ్యాసంలో, మంచుయుగపు ఉన్ని ఖడ్గమృగం అలాస్కాలో దొరకలేదన్న వాక్యంలో మార్పేమీ లేదు.