గుర్రం పొట్టకు మూఢం లేదు

ఉలవచారు బిర్యానీ ముందుకొచ్చినప్పుడల్లా నాకు గుర్రం గుర్తొస్తుంది. ఉలవలంటే ఒకప్పుడు గుర్రపు దాణా. ఇంగ్లీషువాడు హార్స్ గ్రామ్ అని పేరు పెట్టింది అందుకే. ఇప్పుడవే ఉలవలు స్టార్ హోటల్ మెనూలోకీ, బరువు తగ్గాలనుకునేవాళ్ల మొలకల గిన్నెలోకీ ఎక్కాయి. సంతోషమే. గుర్రం తొట్టిలో మాత్రం తగ్గిపోయాయి.

పోయిన వేసవిలో హైదరాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు బయట చూశాను. రాత్రి పదకొండు దాటింది, బారాత్ అయిపోయింది, పెళ్లికొడుకు లోపలికి వెళ్లిపోయాడు. తెల్ల గుర్రం జనరేటర్ బండి పక్కన కుడి వెనక కాలు ఆనీ ఆనకుండా నిలబడి ఉంది. లాడం ఒక పక్క అరిగిపోయింది, రెండు మేకులు ఊడాయి. దాని నుదుటి మీది జరీ పట్టీ విప్పుతున్న మనిషిని, కొత్త లాడాలు కొట్టించలేదేమని అడిగాను. "లాడాలు కొట్టే నాల్‌బంద్ దొరకాలె కద సార్. మా బస్తీల ఉన్నాయన వెల్డింగ్ షాపు పెట్టుకున్నడు" అన్నాడు. ఆషాఢంలో ఎలా గడుస్తుందంటే నవ్వాడు. "పెళ్లిళ్లు బందైతయి. దీని కడుపు బందైతదా?"

అరిగిన ఆ లాడాన్నే 'నల్ల గుర్రం నాడా' అని ఆన్‌లైన్‌లో కొనుక్కుని, శనిదోషం పోతుందని గుమ్మానికి కొట్టుకుంటున్నాం. గుర్రం వల్ల మనకు అదృష్టం కావాలి, దాని కాలికి మేకు మాత్రం మన బాధ్యత కాదు.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. ఆవుకైతే నాలుగు గదుల పొట్ట. ఉత్త వరిగడ్డి వేసినా నెమరేసి కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. గుర్రం నెమరేయదు. మూడు వందల కిలోల జీవానికి రోజుకు ఆరేడు కిలోల మంచి ఎండుమేత, పాతిక ముప్పై లీటర్ల నీళ్లు కావాలి. చవగ్గా దొరికిందని ముక్కిన దాణా పెడితే కడుపునొప్పి వస్తుంది. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదు, ఆ నొప్పితోనే ప్రాణం పోవచ్చు. అంటే ధరలు పెరిగాయని పొదుపు చేసే వీలు ఈ జీవంతో లేదు. ఉద్యోగికి ధరలు పెరిగితే డీఏ పెరుగుతుంది. గుర్రపాయనకు డీఏ ఎవరిస్తారు? డీజేకి, డ్రోన్ కెమెరాకి నోరెత్తని పెళ్లివారు బేరమంతా గుర్రం దగ్గరే ఆడతారు.

2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, పోనీలు కలిపి 3.4 లక్షలు తేలాయి. 2012తో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గుదల. గాడిదలైతే 61 శాతం తగ్గాయి. ఆటోలు, ట్రాక్టర్లు వచ్చాయి కాబట్టి తగ్గాయనడం సగం నిజమే. సర్కారు కంటికి గుర్రం పేదవాడి పశువుగా ఆనకపోవడం మిగతా సగం. 2025 సెప్టెంబరు దాకా బతికున్న గుర్రం మీద జీఎస్టీ 12 శాతం, ఇప్పుడు 5. ఆవుకు, గేదెకు సున్నా. రిజిస్ట్రేషన్ లేని చిన్న అమ్మకాల్లో ఈ పన్ను పడదు, నిజమే. కానీ ఆ లెక్క వేసినవాళ్ల మనసులో ఉన్నది మలక్‌పేట రేసు గుర్రమని తెలిసిపోవడం లేదూ? పాడేరు ఏజెన్సీలో రోడ్డు లేని గూడేలకు బస్తాలు మోసే గుర్రం వాళ్ల ఊహలోనే లేదు.

2024 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ జాతీయ పశుసంవర్ధక మిషన్‌లో గుర్రాలు, గాడిదలు, ఒంటెలకు చోటిచ్చింది. చదివి సంబరపడ్డాను. తర్వాతి వాక్యం చూస్తే, వాటితో వ్యాపారం పెట్టేవాళ్లకు 50 శాతం పెట్టుబడి సబ్సిడీ, 50 లక్షల దాకా! ప్రాజెక్టు రిపోర్టు రాయించుకుని, సగం డబ్బు చూపించి, షెడ్డు కట్టగలిగినవాడికి అది వరమే. ఒకే ఒక్క గుర్రం ఉన్నవాడికి అందులో ఏముంది? మన పథకాలన్నిటికీ ఉన్న జబ్బే ఇది. పేదవాడి పేరుతో మొదలై, ఫైలు తయారు చేయించుకోగలిగినవాడి దగ్గర ఆగుతాయి. కౌలురైతుకు జరుగుతున్నదీ ఇదే.

పోషించలేనివాడికి గుర్రమెందుకు, డీజే మోతలో మూగజీవాన్ని నడిపించడం హింస కాదా అని జంతుప్రేమికులు అడుగుతారు. 2015లో బాంబే హైకోర్టు ముంబైలో గుర్రాలు లాగే విక్టోరియా బండ్లు చట్టవిరుద్ధమని తేల్చింది కూడా. హింస ఉన్నచోట కేసు పెట్టండి, అడ్డు చెప్పను. కానీ గిరాకీ పోయిన గుర్రానికి పెన్షన్ రాదు. ఏ ఫ్లైఓవర్ కిందో చెత్తకుప్పలో ప్లాస్టిక్ కవర్లు నములుతూ కనిపిస్తుంది. నిషేధంతో మన కళ్లకు శాంతి, అంతే.

నన్నడిగితే గుర్రం యజమానికి అన్నిటికన్నా ముందు కావలసింది నష్టంలో ఒక తోడు. ఈ సంగతి విజయనగర సామ్రాజ్యపు రాజులకు తెలుసు. సాళువ నరసింహరాయలు గుర్రాలను బతికున్నా చచ్చినా ఒకే ధరకు కొనేవాడని, సముద్రం మీద చనిపోయినవాటి తోక తెచ్చి చూపిస్తే చాలు, డబ్బిచ్చేవాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. యుద్ధం కోసమే, జాలితో కాదు. అయినా నష్టాన్ని మొయ్యాల్సింది ఖజానా అని ఆ రాజు ఒప్పుకున్నాడు. ఇప్పుడూ పశుబీమా ఉంది, కాగితం మీద గుర్రానికీ వర్తిస్తుంది, ప్రీమియంలో రైతు వాటాను 15 శాతానికి తగ్గించారు కూడా. ఆ ఫంక్షన్ హాలు దగ్గర ఆయన్ను ఈ బీమా గురించీ అడిగాను. పశువులకు చెవి ట్యాగ్ లేకపోతే క్లెయిమ్ రాదని ఎవరో చెప్పారట. మరి గుర్రానికి ట్యాగ్ ఎక్కడ వేస్తారో, ఎవరు వేస్తారో ఆయనకు తెలియదు.