ఐదు రోజుల ఈజిప్టు సరిపోతుందా?

కైరో, లక్సర్, అస్వాన్, అబూ సింబెల్ అన్నీ ఐదు రోజుల్లో హాయిగా చూడొచ్చని ఈజిప్టు యాత్ర మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. చూడొచ్చు గానీ, హాయిగా మాత్రం కాదండీ. మేం గ్రూపు టూర్‌లో వెళ్లాం. లక్సర్‌లోని పురాతన కర్నాక్ గుడిలో 134 స్తంభాల మండపానికి గైడు ఇచ్చింది ఇరవై నిమిషాలు. అందులో సగం మావాళ్ల ఫొటోలకే సరి! తల పైకెత్తి చూస్తే అక్కడక్కడా పాత రంగులు ఇంకా కనిపిస్తాయి, ఎవరూ చెప్పరు.

ఆ వ్యాసానికి ఒక చిన్న సవరణ. రాజుల మమ్మీలు కైరోలోని తహ్రీర్ మ్యూజియంలో ఉన్నాయన్నారు. 2021 ఏప్రిల్‌లోనే 22 మమ్మీలను ఊరేగింపుగా కైరోలోనే ఫుస్తాత్ ప్రాంతంలో ఉన్న నాగరికత మ్యూజియానికి తీసుకెళ్లారు. ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ మమ్మీ మాత్రం లక్సర్ దగ్గర రాజుల లోయలో, 1922లో బయటపడ్డ తన సమాధిలోనే ఉంది. దానికి వేరే టికెట్ కొనాలి. ఆ ముక్క మా ఏజెంటు ముందు చెప్పలేదు, అక్కడికి వెళ్లాక డబ్బుల టెన్షన్.

అబూ సింబెల్ గుడి చూడటం కోసం అర్ధరాత్రి దాటాక లేచి, ఎడారిలో మూడు గంటలకు పైగా బస్సు ప్రయాణం. అస్వాన్ ఆనకట్ట నీళ్లలో మునిగిపోకుండా 1964 నుంచి 1968 వరకు ఆ గుడిని ముక్కలుగా కోసి, దాదాపు 65 మీటర్ల ఎత్తున మళ్లీ కట్టారంటే నమ్మబుద్ధి కాలేదు. అతుకుల కోసం వెతికాను, దొరకలేదు. పిల్లలతో వెళ్లేవాళ్లు అబూ సింబెల్ వదిలేసి కైరోకి ఇంకో రోజు ఇవ్వండి. మమ్మీ ఎలా ఉంటుందో వాళ్లకి ముందే చూపించాలంటే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఒకటి ఉంది.