మాత్రకీ తల్లికీ మధ్య ఎన్ని గోడలు!

పురిటినొప్పులు మొదలవగానే హెచ్‌ఐవీ ఉన్న తల్లికి ఒక నెవిరపిన్ మాత్ర, పుట్టిన మూడు రోజుల్లోపు బిడ్డకు అదే మందు కాస్త సిరప్‌గా. ఈ రెంటితోనే బిడ్డకు హెచ్‌ఐవీ సోకే ముప్పు దాదాపు సగం తగ్గుతుందని 1999లోనే ఉగాండా రాజధాని కంపాలాలో తేలింది. ఇప్పుడు అంతకంటే మేలైన మందులున్నాయి. ఏ వైద్యమూ లేకపోతే నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు సోకే వైరస్‌, తల్లి రోజూ మాత్ర వేసుకుంటే అయిదుగురికి కూడా సోకదు. అయినా 2023లో సుమారు 1,20,000 మంది పిల్లలు కొత్తగా దాని బారిన పడ్డారు. వారిలో అత్యధికులు సహారా ఎడారికి దిగువనున్న దేశాల బిడ్డలే. చేతిలో మందు పెట్టుకుని ఇంతమందిని వదిలేయడం క్షమించరానిది.

తొలి గోడ కట్టింది పాలకులే. తయారీ సంస్థ నెవిరపిన్‌ను ఉచితంగా ఇస్తానన్నా దక్షిణాఫ్రికాలో నాటి అధ్యక్షుడు తాబో ఎంబెకి ప్రభుత్వం దాన్ని కొద్దిపాటి కేంద్రాలకే పరిమితం చేసింది. ఉద్యమకారులు కోర్టుకెక్కితే 2002 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం మెడలు వంచాల్సి వచ్చింది. నాటి మొండితనానికి సుమారు 35,000 మంది శిశువులు హెచ్‌ఐవీతో పుట్టారని హార్వర్డ్‌ పరిశోధకులు లెక్కగట్టారు.

ఇంటి లోపలి గోడ ఇంకా గట్టిది. సీసాలో మాత్రలు గలగలమంటే భర్తకో అత్తకో తెలిసిపోతుందని గుడ్డపేలికలో చుట్టి దాచుకునే తల్లులున్నారు. తెలిస్తే గెంటేస్తారన్న భయం. బిడ్డకు రొమ్ము పట్టకపోతే ఇరుగుపొరుగుకు అనుమానం, పడితే వైరస్‌ అంటుతుందేమోనన్న దిగులు. బోట్స్‌వానా ఒకప్పుడు ఇలాంటి తల్లులకు డబ్బాపాలు ఉచితంగా పంచింది. 2006 మొదట్లో వరదలొచ్చి నీళ్లు చెడిపోతే అతిసారం పాలబడినవారిలో ఆ డబ్బాపాల పసికందులే ఎక్కువ. తల్లి మందులు మానకుండా ఆరు నెలలు చనుబాలే పట్టడం మేలని ఇప్పుడు వైద్యులు చెబుతున్నది అందుకే. ఆ బోట్స్‌వానాయే పాఠం నేర్చుకుంది. తల్లి నుంచి బిడ్డకు వైరస్‌ సోకడాన్ని అరికట్టే దారిలో ఉందని, హెచ్‌ఐవీ తీవ్రంగా ఉన్న దేశాల్లో 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందిన మొదటి దేశం అదే.

మలావీ 2011లో మరో దారి చూపింది. పరీక్షల మీద పరీక్షలంటూ తిప్పకుండా, హెచ్‌ఐవీ ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం మందులిస్తామంది. కానీ కాన్పయ్యాక చాలామంది ఆస్పత్రి మొహం చూడలేదు. వారిని వెనక్కి తెచ్చేది తోటి తల్లులే. తామూ హెచ్‌ఐవీతోనే బతుకుతూ, ఆరోగ్యంగా పుట్టిన తమ బిడ్డను చూపించి ధైర్యం చెప్పే ఆడవాళ్ల మాట వింటారు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేసినప్పుడు ముందుగా వేటు పడింది ఇలాంటి కార్యకర్తలపైనే.

హైదరాబాద్‌లో తయారైన చౌక మాత్రలు ఆఫ్రికా ఆస్పత్రుల దాకా చేరుతున్నాయి. అక్కడి నుంచి తల్లి చేతికి చేర్చాల్సింది ఆయా ప్రభుత్వాలే. బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికిస్తామని 2001లో నైజీరియా రాజధాని అబూజాలో మాటిచ్చిన ఆ పాలకులు ముందుగా గర్భిణుల వద్ద ఫీజులు వసూలు చేయడం మానాలి. తోటి తల్లులకు సొంత ఖజానా నుంచి జీతాలివ్వాలి. ఆరు వారాల పసికందు రక్తపరీక్ష ఫలితం వారాల తరబడి నానకుండా చూడాలి. వైరస్‌ సోకి వైద్యం అందని పిల్లల్లో సగంమంది రెండో పుట్టినరోజు చూడరు.