సవరణ: పోస్ట్‌ఫిక్స్ ఆగిన మెయిల్‌ను ప్రతి 5 నిమిషాలకూ పంపదు

పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ క్యూల గురించి మొన్న రాసినప్పుడు, డిఫర్డ్ క్యూలో (వెంటనే వెళ్లని మెయిల్ ఉండే వరుసలో) ఆగిన ప్రతి మెయిల్‌నూ సర్వర్ 5 నిమిషాలకోసారి మళ్లీ పంపి చూస్తుందని చెప్పాను. అది తప్పు. సెట్టింగుల్లో 300 సెకన్లు అని చూసి పొరబడ్డాను. పోస్ట్‌ఫిక్స్ సొంత మాన్యువల్ మళ్లీ చదివాక ఇది రాస్తున్నాను.

ఆ 300 సెకన్లు క్యూ మేనేజర్ (క్యూలను నడిపే పోస్ట్‌ఫిక్స్ భాగం) డిఫర్డ్ క్యూను తిరగేసే వ్యవధి. అలా తిరగేసినప్పుడు గడువు వచ్చిన మెయిళ్లనే యాక్టివ్ క్యూలోకి, అంటే ఇప్పుడు పంపాల్సినవాటిలోకి, తీసుకుంటుంది. ఆ గడువు మెయిల్ వయసును బట్టి పెరుగుతుంది. ఉదాహరణకు, అవతలి సర్వర్ 450 కోడ్‌తో "తర్వాత రా" అందనుకోండి. కొత్త మెయిల్ కనీసం 5 నిమిషాలు ఆగుతుంది. వచ్చి 20 నిమిషాలైనది ఇంకో 20 నిమిషాలు, 40 అయినది ఇంకో 40. ఎంత పాతదైనా గరిష్ఠంగా 4000 సెకన్లు, అంటే గంటా ఏడు నిమిషాల లోపే. తర్వాతి ప్రయత్నం సమయాన్ని క్యూ ఫైలు మార్పు తేదీగా, అదీ భవిష్యత్తులోకి జరిపి రాసుకుంటుంది. నాకు బాగా నచ్చిన ఏర్పాటిది.

అప్పటికీ వెళ్లని మెయిల్‌ను 5 రోజుల తర్వాత పంపినవారికే తిప్పి పంపేస్తుందని మొన్న అన్న మాట సరైనదే. ఇవన్నీ డిఫాల్ట్ విలువలు.

ఇంకొకటి: నా మాట నమ్మి క్రాన్‌లో (పనులను వేళకు దానంతటదే నడిపే ఏర్పాటులో) 'పోస్ట్‌క్యూ -ఎఫ్' (ఆగిన మెయిల్‌నంతా వెంటనే పంపి చూడమనే ఆదేశం) పెట్టినవాళ్లు దయచేసి తీసేయండి. వెళ్లని మెయిల్‌ను మాటిమాటికీ నెడితే వెళ్లాల్సిన మెయిల్ నెమ్మదిస్తుంది.