కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాక కొలవాల్సింది పాత ఫైళ్లను

ఎస్ఎస్‌డీకి ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌ను లోపలి నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వేశాక ఎక్కువమంది చేసేది ఒకటే. వేగం కొలిచే బెంచ్‌మార్క్ టూల్ క్రిస్టల్‌డిస్క్‌మార్క్ తెరిచి 'ఆల్' నొక్కుతారు. పై వరుసలో సెకనుకు 3,400 ఎంబీ అని కనిపించగానే అంతా బాగుందనుకుని మూసేస్తారు. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి, ఎక్కడి కంప్యూటర్ షాపులోనైనా కస్టమర్‌కు చూపించేది ఆ అంకెనే. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే అప్‌డేట్‌తో డ్రైవ్‌లో ఏం మారిందో అది చెప్పదు. ఆ టూల్ అప్పటికప్పుడు ఒక కొత్త ఫైల్ రాసి, దాన్నే తిరిగి చదివి వేగం చెబుతుంది. మన పని నడిచేది మాత్రం నెలల కిందట, ఏడాది కిందట రాసిన ఫైళ్ల మీద.

ఈ తేడా ఎంత దూరం పోగలదో శాంసంగ్ 840 ఈవో ఉదంతం చూపించింది. 2013లో వచ్చిన ఆ డ్రైవ్ బెంచ్‌మార్కుల్లో ఎప్పుడు చూసినా సెకనుకు 500 ఎంబీ పైనే చదివేది. వారాలు, నెలలు కదపకుండా ఉన్న ఫైళ్లను చదివేటప్పుడు మాత్రం వేగం దారుణంగా పడిపోయేది. ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాచే టీఎల్‌సీ రకంలో సెల్‌లోని ఛార్జి కాలంతో పాటు జారుతుంది. ఆ జారుడును పాత ఫర్మ్‌వేర్ సరిగా అంచనా వేయలేక, ఒకే పేజీని మళ్లీ మళ్లీ చదవాల్సి వచ్చేది. 2014 అక్టోబరులో కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్‌తో పాటు, డ్రైవ్‌లోని డేటా మొత్తాన్ని తిరగరాసే టూల్ కూడా ఇచ్చింది. మర్నాడు కొలిచినవాళ్లందరికీ వేగం తిరిగొచ్చినట్టే కనిపించింది, ఎందుకంటే తిరగరాసిన డేటా అంతా తాజాదే. కొన్ని నెలలకు సమస్య మళ్లీ బయటపడింది. చివరికి 2015 ఏప్రిల్‌లో, పాత డేటాను తనంతట తానే అప్పుడప్పుడు రిఫ్రెష్ చేసే ఇంకో ఫర్మ్‌వేర్ ఇవ్వాల్సి వచ్చింది. అప్‌డేట్ మర్నాటి అంకె ఒక్కటి పట్టుకుని తీర్పు చెప్పకూడదనడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ అక్కర్లేదు.

అసలు ఫర్మ్‌వేర్ చేతిలో ఏముందో ఒక్కసారి చూడాలి. ఏ డేటా ఏ సెల్‌లో ఉందన్న పట్టీ, చెత్త బ్లాకుల ఏరివేత, అరుగుదల సమంగా పంచడం, ఎస్‌ఎల్‌సీ క్యాష్ (వచ్చిన డేటాను ముందు వేగంగా దింపుకునే చోటు) ఎంత వాడాలన్న నిర్ణయం, ఎన్ని డిగ్రీల దగ్గర వేగం తగ్గించాలన్న హద్దు, అన్నీ అక్కడే. అయినా చాలా అప్‌డేట్లు వేగం కోసం రావు, ప్రమాదం తప్పించడానికి వస్తాయి. క్రూషియల్ ఎం4 డ్రైవ్‌లు మొత్తం 5,184 గంటలు నడిచాక స్పందించకుండా పోతుంటే 2012 జనవరిలో ఫర్మ్‌వేర్‌తోనే సరిచేశారు. హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ (హెచ్‌పీఈ) సర్వర్లలో వాడే కొన్ని ఎస్‌ఏఎస్ రకం ఎస్ఎస్‌డీలు 32,768 గంటలకు చేరితే డేటాతో సహా పోతాయని 2019 నవంబరులో ఆ కంపెనీయే హెచ్చరించింది. ఇలాంటి అప్‌డేట్ వచ్చినప్పుడు, వేగం పెరగదు కదా అని ఊరుకోవడం తప్పు. వేయాల్సిందే. బెంచ్‌మార్క్ పని ఇక్కడ పెరుగుదల వెతకడం కాదు, ఏమీ తగ్గలేదని నిర్ధారించుకోవడం.

అప్‌డేట్‌కు ముందు కొలతలు లేకపోతే, తర్వాతి కొలతలను పోల్చడానికి ఏమీ ఉండదు. బాక్సు మీది అంకెతోనో, యూట్యూబ్‌లో ఎవరో చూపించిన అంకెతోనో పోల్చితే ఉపయోగం లేదు. వాళ్ల డ్రైవ్ ఖాళీది, మదర్‌బోర్డు వేరు, గదిలో ఏసీ. కాబట్టి ముందుగా బ్యాకప్ తీసి, డ్రైవ్ వివరాలు చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి ఫర్మ్‌వేర్ వెర్షన్, హెల్త్ శాతం, పవర్ ఆన్ గంటలు, ఇప్పటిదాకా రాసిన మొత్తం జీబీలు, ఉష్ణోగ్రత, ట్రాన్స్‌ఫర్ మోడ్ ఉన్న స్క్రీన్‌షాట్ తీయాలి. డ్రైవ్ మదర్‌బోర్డుతో ఎంత వేగమైన దారిలో కలిసిందో చెప్పే ట్రాన్స్‌ఫర్ మోడ్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. అప్‌డేట్ కోసం డ్రైవ్ విప్పి వేరే ఎం.2 స్లాట్‌లో పెడితే డేటా నడిచే నాలుగు లేన్లకు బదులు రెండే దొరకొచ్చు. అప్పుడు సగానికి పడిన వేగానికి ఫర్మ్‌వేర్‌ను తిట్టుకుంటాం.

అప్‌డేట్ వేసేటప్పుడు మన దగ్గర అసలు భయం కరెంటు. వేసవి సాయంత్రం గాలిదుమారం లేచే వేళ ఈ పని మొదలుపెట్టొద్దు. ఇన్వర్టర్ ఉందన్న ధైర్యం చాలదు. మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు మారే ఆ క్షణానికే డెస్క్‌టాప్ రీస్టార్ట్ కావచ్చు. ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌కు మార్చాలి, లేదా విడిగా యూపీఎస్ పెట్టాలి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా ఉండి ఛార్జర్ కూడా తగిలించి ఉండాలి. విండోస్‌లో డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకుని, దాన్ని సస్పెండ్ చేయాలి. యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టిన డ్రైవ్ కంపెనీ టూల్స్‌లో చాలావాటికి కనిపించదు, నేరుగా మదర్‌బోర్డుకే తగిలించాలి. ఎన్‌వీఎంఈ రకం వేగమైన ఎస్ఎస్‌డీలలో కొత్త ఫర్మ్‌వేర్ సాధారణంగా రీసెట్ తర్వాతే అమల్లోకి వస్తుంది కాబట్టి, అప్‌డేట్ కాగానే పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయాలి. వెర్షన్ మారిందో లేదో చూడకుండానే కొలిచేసి, 'తేడా లేదు' అనేవాళ్లున్నారు.

ఇక క్రిస్టల్‌డిస్క్‌మార్క్. దాన్ని పక్కన పారేయమనడం లేదు, అది ఏం కొలుస్తుందో తెలిసి వాడాలి. మామూలు సెట్టింగుల్లో 1 జీబీ ఫైల్ మీద ఒక్కో పరీక్షను 5 సెకన్ల చొప్పున 5 సార్లు నడిపి, వాటిలో ఎక్కువ వచ్చిన అంకెను చూపిస్తుంది. నాలుగుసార్లు తడబడి ఒక్కసారి బాగా పరుగెత్తినా మనకు కనిపించేది ఆ ఒక్కటే. అందుకే మొత్తం పరీక్షను పది నిమిషాల విరామంతో మూడుసార్లు విడివిడిగా నడిపి, మూడు ఫలితాలూ రాసుకుని, మధ్య అంకెను తీసుకోవాలి. అప్‌డేట్‌కు ముందు, తర్వాత రెండు విడతల్లోనూ టూల్ వెర్షన్ అదే, ఫైల్ సైజు అదే, పవర్ ప్లాన్ అదే ఉండాలి. డ్రైవ్‌లో ఖాళీ కూడా దాదాపు అంతే ఉండాలి. విండోస్ అప్‌డేట్లను ఆ రోజుకు పాజ్ చేయాలి, రీస్టార్ట్ అయ్యాక కనీసం పావుగంట ఆగాలి. మీసేవ కేంద్రంలోనో, కిరాణా హోల్‌సేల్ బిల్లింగ్ కౌంటర్‌లోనో వాడే యంత్రానికి పై వరుస అంకెతో పెద్దగా పని లేదు. చివరి వరుసలోని 4కే, క్యూ 1, థ్రెడ్ 1 చదివే వేగాన్ని, అంటే 4 కేబీ ముక్కలను ఒక్కొక్కటిగా చదివే వేగాన్ని చూడాలి. అక్కడ సెకనుకు 60 ఎంబీ అంటే దాదాపు 15,000 చిన్న చదువులు, ఒక్కోదానికి దాదాపు 68 మైక్రోసెకన్ల చొప్పున. అది 45కి పడితే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడంలోనే తేడా తెలుస్తుంది. పైన 3,400 కాస్తా 3,100 అయితే కౌంటర్‌లో ఎవరికీ తెలియదు.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల లెక్క వేరు. వాళ్లు ఒక్క దెబ్బలో 150, 200 జీబీ దించుతారు. టీఎల్‌సీ, క్యూఎల్‌సీ (సెల్‌కు నాలుగు బిట్లు) డ్రైవ్‌లు కొంత భాగాన్ని సెల్‌కు ఒకే బిట్ రాసే ఎస్‌ఎల్‌సీలా వాడి, వచ్చిన డేటాను ముందు అక్కడ దింపుకుని తీరికగా లోపలికి సర్దుతాయి. సీజన్‌లో మిర్యాలగూడ రైస్‌మిల్లు ఆవరణ ఖాళీగా ఉన్నంతసేపు లారీలు చకచకా దించుకుని పోతాయి, నిండాక గేటు బయట క్యూ కడతాయి, ఇదీ అంతే. ఇంటెల్ 660పి 1 టీబీ మోడల్‌లో డ్రైవ్ ఖాళీగా ఉంటే ఈ క్యాష్ దాదాపు 140 జీబీ, నిండితే 12 జీబీ. అదే శ్రేణిలో 512 జీబీ మోడల్ క్యాష్ అయిపోయాక సెకనుకు 100 ఎంబీ దగ్గరికి దిగేది, హార్డ్‌డిస్క్ కన్నా నెమ్మది. క్యాష్ విధానాన్ని ఫర్మ్‌వేరే నిర్ణయిస్తుంది గనుక అప్‌డేట్‌తో ఇది మారే వీలుంది. 5 సెకన్ల పరీక్షలో ఈ మార్పు దొరకదు.

దీనికి లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్క్ వేగం కొలిచే ఫియో టూల్ వాడటం మేలు. బ్లాక్ సైజు 1 ఎంబీ, క్యూ డెప్త్ (ఒకేసారి వరుసలో ఉంచే పనులు) 8, ర్యామ్ క్యాష్‌ను దాటేసే డైరెక్ట్ మోడ్, 200 జీబీ ఫైల్, సెకను సెకనుకూ వేగం లాగ్. ఎన్ని జీబీలు రాశాక వేగం పడిపోయింది, పడ్డాక ఎంత దగ్గర నిలబడింది, ఈ రెండు అంకెలు రాసుకోవాలి. ఫైల్ పేరు ఇవ్వాల్సిన చోట పొరపాటున డ్రైవ్ పేరు ఇస్తే డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, ఆ వరుసను రెండుసార్లు చదివే ఎంటర్ నొక్కాలి. ఇలా 200 జీబీ మూడుసార్లు రాస్తే డ్రైవ్ అరిగిపోతుందన్న బెంగ వద్దు. 300 టీబీ రాతకు కంపెనీ హామీ ఉన్న 500 జీబీ డ్రైవ్‌కు అది 0.2 శాతం. అలాగని రోజూ చేయాల్సిన పని కూడా కాదు.

ఎండ సంగతి మన ప్రాంతంలో విడిగా చెప్పుకోవాలి. మే నెలలో నల్లగొండలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల కప్పు కింద నడిచే షాపులో డ్రైవ్ ఏ పనీ లేకుండానే 50 దాటి ఉంటుంది, నాలుగు నిమిషాలు రాయిస్తే తన వేగాన్ని తానే తగ్గించుకునే హద్దుకు చేరుతుంది. డిసెంబరులో పాత ఫర్మ్‌వేర్‌ను, మేలో కొత్త ఫర్మ్‌వేర్‌ను కొలిచి పోల్చితే మనం కొలిచింది ఎండను. రెండు విడతలూ ఒకే రోజు ఉదయాన్నే, గదిలో రెండు డిగ్రీలకు మించి తేడా లేకుండా చేయాలి. ఎన్‌వీఎంఈ డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ సమాచారంలో, హెచ్చరిక ఉష్ణోగ్రత పైన ఎన్ని నిమిషాలు గడిచాయో చూపే లెక్క ఒకటుంటుంది. పరీక్షకు ముందు, తర్వాత ఆ అంకె చూడాలి. పెరిగి ఉంటే ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, ముందు హీట్‌సింక్ సంగతి చూడాలి.

విండోస్ అప్‌డేట్ కూడా పక్కనే కలిస్తే లెక్క చిక్కుపడుతుంది. 2024 అక్టోబరులో విండోస్ 11 24హెచ్2 వేసుకున్నవాళ్లలో వెస్టర్న్ డిజిటల్ (డబ్ల్యూడీ) ఎస్‌ఎన్770, ఎస్‌ఎన్580 2 టీబీ డ్రైవ్‌లున్నవాళ్లకు నీలి తెర వచ్చింది. సొంత డీర్యామ్ (తాత్కాలిక మెమరీ) లేని ఆ డ్రైవ్‌లు కంప్యూటర్ ర్యామ్‌లో ఇంతకుముందు 64 ఎంబీ వాడుకుంటుంటే, కొత్త విండోస్ 200 ఎంబీ ఇవ్వడంతో తలెత్తిన గొడవ అది. కంపెనీ ఫర్మ్‌వేర్ ఇచ్చేలోపు చాలామంది విండోస్ సెట్టింగులు దాచే రిజిస్ట్రీలో ఆ ర్యామ్ వాటాను ఆపేసుకున్నారు. ఫర్మ్‌వేర్ వేశాక ఆ రిజిస్ట్రీ మార్పును తీసేయకపోతే చిన్న చదువుల వేగం తగ్గే ఉంటుంది, నింద మాత్రం ఫర్మ్‌వేర్ మీద పడుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష. అప్‌డేట్‌కు ముందే, ఏడాదిగా ఎవరూ మార్చని 20, 30 జీబీ ఫోల్డర్ ఒకటి ఎంచుకోవాలి. పాత పెళ్లి ఫుటేజీ గానీ, స్కాన్ చేసిన పాత దస్తావేజులు గానీ సరిపోతాయి. రీస్టార్ట్ చేసి, ర్యామ్‌లో ఏమీ మిగలకుండా చూసుకుని, 7-జిప్‌లో ఆ ఫోల్డర్ మొత్తానికి సీఆర్‌సీ చెక్‌సమ్ (డేటా మారితే మారిపోయే తనిఖీ సంఖ్య) లెక్కించి, పట్టిన సమయం రాసుకోవాలి. దాని పక్కనే, ఆ రోజే కాపీ చేసిన అంతే సైజు ఫోల్డర్‌కూ అదే చేయాలి. పాతదానికి 70 సెకన్లు, కొత్తదానికి 50 సెకన్లు పడితే ఆ తేడాలోనే డ్రైవ్ ఆరోగ్యం కనిపిస్తుంది. అప్‌డేట్ తర్వాత రెండింటినీ మళ్లీ చదివించాలి. చెక్‌సమ్ మారలేదంటే డేటా చెక్కుచెదరలేదన్న నిర్ధారణ కూడా దీంతోనే దొరుకుతుంది. హెచ్‌డీ ట్యూన్‌లాంటి టూల్‌తో డ్రైవ్ మొత్తం చదివించి గ్రాఫ్ చూసేవాళ్లు ఒకటి గమనించాలి. ట్రిమ్ అయిన, అంటే ఇక్కడ డేటా అక్కర్లేదని విండోస్ డ్రైవ్‌కు చెప్పిన ఖాళీ చోటును చాలా డ్రైవ్‌లు సెల్ ముట్టకుండానే సున్నాలుగా తిప్పి పంపుతాయి, అక్కడ కనిపించే వేగం నిజం కాదు.

ఈ పరీక్షను అప్‌డేట్ అయిన వారం తర్వాత, నెల తర్వాత, మూడు నెలల తర్వాత ఒక్కోసారి చేయాలి. 840 ఈవో మళ్లీ పట్టుబడింది అలా కాలం గడిచాకే. బీరువాలో పెట్టిన బ్యాకప్ ఎస్ఎస్‌డీలకు ఇది మరీ అవసరం. మెమరీ చిప్‌ల ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణం మామూలు వినియోగదారుల ఎస్ఎస్‌డీ నుంచి కోరేది, హామీ ఇచ్చినంత మేరా రాసి అరిగాక కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు డేటా నిలవాలని. వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. మన ఇళ్లలో వేసవి గది 30 డిగ్రీల దగ్గర ఆగదు.

ఫలితాల్లో ముందూ తర్వాతా 5 శాతం లోపు తేడా ఉంటే దాన్ని మార్పుగా లెక్కపెట్టొద్దు. స్టోరేజ్ పరిశ్రమ సంఘం ఎస్‌ఎన్‌ఐఏ పరీక్షా విధానమే, డ్రైవ్ సామర్థ్యానికి రెండింతలు రాయించి స్థిరపడనిచ్చాక కూడా, ఐదు వరుస విడతల మధ్య గరిష్ఠ కనిష్ఠాల తేడా సగటులో 20 శాతం వరకు ఉండొచ్చని ఒప్పుకుంటుంది. 15 శాతం పడిపోయి, మూడుసార్లు నడిపినా అలాగే వస్తే అప్పుడు కారణం వెతకాలి. ముందు విండోస్‌లో డ్రైవ్ ఆప్టిమైజ్ నడిపి ట్రిమ్ పంపించాలి, స్లీప్‌లోకి పోకుండా చూసి రాత్రంతా ఊరికే ఆన్‌లో ఉంచాలి, చెత్త బ్లాకులు ఏరుకోవడానికి డ్రైవ్‌కు ఆ తీరిక కావాలి. తెల్లవారి మళ్లీ కొలిచినా అంతే ఉంటే ట్రాన్స్‌ఫర్ మోడ్, ఉష్ణోగ్రత, బిట్‌లాకర్ తిరిగి పాత స్థితికే వచ్చాయా అన్నది చూడాలి. అవన్నీ సరిగ్గా ఉండి కూడా వేగం రాకపోతే పాత ఫర్మ్‌వేర్‌కు వెనక్కి వెళ్లే దారి మామూలు డ్రైవ్‌లలో సాధారణంగా ఉండదు. అప్పుడు పనికొచ్చేవి రెండు విడతల స్క్రీన్‌షాట్లు, ఫియో లాగ్, కొన్న బిల్లు. వారంటీ గడువు లోపు వాటితో కంపెనీ సర్వీస్‌కు రాయాలి, డ్రైవ్ పంపేముందు డేటా తీసుకుని సెక్యూర్ ఎరేజ్ (తిరిగి రాబట్టలేనట్టు తుడిచేయడం) చేయాలి.