ముందు కొక్కెం చూడండి, రీల్ సంగతి తరువాత

బాస్ అనే మంచినీటి వేట చేపలకు గాలం వేయడం కొత్తగా మొదలుపెట్టినవారు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ప్రతిసారీ ఒకటే: ఏ రీల్ (గాలపు దారం చుట్టే చక్రం) కొనమంటారు? ఏ ఎర వేస్తారో, దాన్ని నాచులో వేస్తారో రాళ్ల మీద వేస్తారో ఇంకా తేలనే లేదు, రీల్‌లో ఎన్ని బేరింగులు ఉండాలన్న చర్చ మాత్రం అప్పటికే వేడెక్కి ఉంటుంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇంత చక్కగా అతికే సందర్భం మరొకటి నాకు కనబడలేదు. ఎవరినో వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు, చాలా ఏళ్లపాటు నేనూ అదే వరుసలో కొన్నాను: మొదట రీల్, దానికి అందంగా కుదిరే రాడ్ (గాలపు కర్ర), చివరికి చేతికి దొరికిన లైన్ (దారం). ఇప్పుడు నా అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు దిశలో ఉంది. లెక్క కొక్కెం దగ్గర మొదలై మన చేతి వైపు రావాలి. కొక్కెం ఎలాంటిదో చూస్తే రాడ్ ఎలా వంగాలో తెలుస్తుంది, ఎర నీళ్లలో ఏ ఎత్తున తిరగాలో చూస్తే లైన్ తెలుస్తుంది, ఈ రెండూ తేలిన తరువాత రీల్ గురించి తేల్చుకోవలసింది చాలా కొద్దిగా మిగులుతుంది.

ఒకసారి జిగ్‌ల (బరువైన తలకు ఒంటి ముల్లు కొక్కెం ఉండే ఎరల) కోసం ఉంచుకున్న హెవీ రాడ్‌కే, దాని మీదున్న 50 పౌండ్ల లాగుడు తట్టుకునే బ్రెయిడ్‌ను (పోగులు అల్లిన, దాదాపు సాగని లైన్‌ను) కూడా మార్చకుండా, క్రాంక్‌బెయిట్ (లాగితే ఊగుతూ నీళ్లలోకి దిగే చేప ఆకారపు గట్టి ఎర) కట్టి వేశాను. బద్ధకం తప్ప దానికి వేరే కారణం లేదు. ఆ పూట మూడు చేపలు తగిలాయి, మూడూ పోయాయి. మూడోది ఒడ్డుకు రెండు బారల దూరంలో నీళ్లలోంచి పైకి లేచి తల విదిలించింది. లైన్ ఒక్కసారిగా వదులైంది, ఎర గాలిలో ఎగిరి వచ్చి నా కాళ్ల దగ్గర పడింది. చేతిలోకి తీసుకుని చూస్తే వెనుకవైపు ట్రెబుల్ (మూడు ముళ్ల) కొక్కెంలో ఒక ముల్లు వంపు విప్పుకుని బయటికి సాగి ఉంది, దాని పక్క ముల్లుకు గోరంత పలచని పొర ఒకటి వేలాడుతోంది. అది చేప పెదవి చర్మం. కొక్కెం నాసిరకమని తిట్టుకుని ఆ వారమే ఎరలన్నింటికీ కొత్త కొక్కేలు మార్చాను. తరువాతి వారం కూడా చేపలు అలాగే జారిపోయాయి.

తప్పు కొక్కేనిది కాదని అర్థం కావడానికి నాకు మరికొంత కాలం పట్టింది. క్రాంక్‌బెయిట్‌కు ఉండే ట్రెబుల్ కొక్కెం సన్నని తీగతో చేసింది, దాని ముళ్లు చిన్నవి, అవి చేప నోటి అంచున పైపైన మాత్రమే దిగుతాయి. సన్నగా ఉండడం వల్ల దిగడానికి పెద్ద బలం అవసరం లేదు, కానీ ఒకసారి దిగాక ఆ చిన్న రంధ్రం పెద్దది కాకుండా కాపాడుకోవలసిన బాధ్యత మనది. రాడ్ వంగకపోతే, లైన్ సాగకపోతే, చేప తల విదిలించిన ప్రతిసారీ ఆ కుదుపు మొత్తం నేరుగా ఆ రంధ్రం మీదే పడుతుంది. అందుకే క్రాంక్‌బెయిట్‌కు ఏడు అడుగులు, అంతకు కొంచెం పైబడిన పొడవులో, సగం దాకా నెమ్మదిగా వంగే మోడరేట్ యాక్షన్ రాడ్ కావాలి. ఫైబర్‌గ్లాస్‌తో గానీ, గ్లాస్‌నూ కార్బన్‌నూ కలిపి గానీ చేసిన రాడ్‌లు ఈ పనికి ఇప్పటికీ వాడుకలో ఉన్నది ఇందుకే. ఆ మెత్తదనానికి ఇంకో ప్రయోజనం ఉంది. బాస్ ఎరను కొరకదు, నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి పీల్చుకుంటుంది. రాడ్ మెత్తగా ఉంటే ఎర ఆ పీల్పుతో పాటు లోపలికి వెళ్తుంది, బిర్రుగా ఉంటే సగంలోనే ఆగిపోతుంది.

ఇక్కడే పవర్‌కూ యాక్షన్‌కూ ఉన్న తేడా చెప్పాలి, ఎందుకంటే ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లనే సగం తప్పుడు కొనుగోళ్లు జరుగుతున్నాయి. రాడ్‌ను వంచడానికి ఎంత బరువు కావాలో చెప్పేది పవర్. ఆ వంపు ఎక్కడ మొదలవుతుందో చెప్పేది యాక్షన్. ఫాస్ట్ అంటే ప్రధానంగా కొస వైపే వంగుతుంది, మోడరేట్ అంటే వంపు నడుము దాకా దిగుతుంది. బలమైన రాడ్ నెమ్మదిగా వంగవచ్చు, బలహీనమైన రాడ్ కొసలోనే వంగవచ్చు. చేపలా ఈదే పెద్ద స్విమ్‌బెయిట్‌లు విసిరేవారి రాడ్‌లు చాలావరకు మొదటి రకానివి, డ్రాప్‌షాట్ (అడుగున బరువు, దాని పైన చిన్న ఎర కట్టే పద్ధతి) రాడ్‌లు రెండో రకానివి. పైగా ఈ పేర్లకు తయారీదారులందరూ ఒప్పుకున్న కొలమానం ఏదీ లేదు. ఒకరి మీడియం హెవీ మరొకరి దగ్గర హెవీ అవుతుంది. అందుకే నేను పేరుకంటే పిడి పైన ముద్రించిన ఎర బరువును ఎక్కువగా నమ్ముతాను. రాడ్ మీద ఫ్రాగ్ (కప్ప ఆకారపు ఎర) అనో, జిగ్ అనో బొమ్మ వేసి అమ్మితే దాని వల్ల చేపకు ఒరిగేదేమీ లేదు.

ట్రెబుల్‌ను వదిలి ఒంటి ముల్లు కొక్కేనికి వస్తే కథ తలకిందులవుతుంది. జిగ్‌కూ, టెక్సస్ రిగ్‌కూ వాడే కొక్కెం లావుపాటి తీగది. టెక్సస్ రిగ్‌లో దాని ముల్లు మెత్తటి ప్లాస్టిక్ ఎరలో దాగి ఉంటుంది, కనుక అది ముందు ప్లాస్టిక్‌ను చీల్చుకుని ఆపైన చేప దవడలో దిగాలి. ఇక్కడ వంగిపోయే రాడ్ మన బలాన్నంతా తానే మింగేస్తుంది. ఏడు అడుగుల నుంచి ఏడు అడుగుల మూడు అంగుళాల దాకా పొడవున్న మీడియం హెవీ, ఫాస్ట్ యాక్షన్ రాడ్, 15 నుంచి 17 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లైన్ ఈ పనికి చక్కగా సరిపోతాయి. ఒక విషయం మాత్రం రాడ్ చెప్పదు. ఈ ఎరలను బాస్ ఎక్కువగా కిందికి దిగుతుండగానే అందుకుంటుంది, అప్పుడు లైన్ వదులుగా ఉంటుంది కాబట్టి చేతికి ఏమీ తెలియదు. నీటిని తాకే చోట లైన్ ఒక్క అంగుళం పక్కకు జరిగితే అదే కబురు.

తామరాకుల మీద ఫ్రాగ్ వేయడం దీనికి పరాకాష్ఠ. లోపల బోలుగా ఉండే ఆ ఎరను చేప నోటితో నొక్కితేనే రెండు కొక్కేలూ బయటపడతాయి, పడిన తరువాత చేప ఆకుల కిందికి దూరి కాడలకు చుట్టుకుంటుంది. అప్పుడు మనం లాగేది చేపను మాత్రమే కాదు, దాని చుట్టూ పోగైన నాచు మొత్తాన్ని. 50 నుంచి 65 పౌండ్ల బ్రెయిడ్, హెవీ రాడ్ తప్ప ఇక్కడ నాకు వేరే ప్రత్యామ్నాయం తెలియదు. బ్రెయిడ్ కాడలను కోసుకుంటూ వస్తుంది, నీటికంటే తేలిక కాబట్టి ఆకుల మీద తేలుతుంది, 65 పౌండ్లదైనా సుమారు 16 పౌండ్ల మోనో (ఒకే పోగు నైలాన్ లైన్) అంత లావే ఉంటుంది. నీళ్లు భళ్లుమని పగిలిన క్షణంలోనే గుంజవద్దు. బరువు చేతికి తెలిశాక గుంజండి. ఈ మాట చెప్పడం తేలిక, పాటించడం మాత్రం నాకు ఇంకా పూర్తిగా చేతకాలేదు.

లైన్ గురించి జరిగే ప్రచారం మీద నాకున్న కోపం వేరే ఒక పోస్ట్‌కు సరిపోతుంది. ఫ్లోరోకార్బన్ నీళ్లలో మాయమవుతుందంటారు. దాని వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.42, నీటిది 1.33, నైలాన్‌ది 1.5కు పైన. అంటే నైలాన్ కంటే నీటికి దగ్గరగా ఉంది, అంతవరకే నిజం. అసలు సాగదని ఇంకో మాట. సాగుతుంది, పైగా బాగా లాగి వదిలితే సాగిన పొడవంతా తిరిగి వెనక్కి రాదు. ఫ్లోరోకార్బన్‌ను నేను వాడేది దాని సాంద్రత కోసం. నీటికి దాదాపు ఒకటిముప్పావు రెట్లు కనుక అది మునుగుతుంది, ఎర అడుగున ఉన్నప్పుడు మధ్యలో విల్లులా తేలకుండా ఉంటుంది, రాళ్ల రాపిడిని బాగా తట్టుకుంటుంది. సరిగ్గా ఈ మునిగే గుణం వల్లనే నీటి పైన ఆడే ఎరలకు అది పనికిరాదు, ముక్కును కిందికి లాగేస్తుంది. ట్రెబుల్ కొక్కేలున్న టాప్‌వాటర్ ఎరకు పాత మోనోనే మేలు. దాని సాగుడు ఇక్కడ మనకు చుట్టమవుతుంది.

ఫ్లోరోకార్బన్ నాసిరకమని తిట్టేవారిలో చాలామంది తిట్టవలసింది తమ ముడినే. పొడిగా ఉన్న ముడిని బిగిస్తే ఆ రాపిడి వేడికి లైన్ అక్కడే దెబ్బతింటుంది. ఉమ్మితో తడిపి, నెమ్మదిగా బిగించాలి. లైన్ తెగినప్పుడు కొసను వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురులో చూడండి. కొస పందితోకలా సుడి తిరిగి ఉంటే లైన్ తెగలేదు, ముడి జారింది. ఆ సుడిని చూసిన తరువాత నేను లైన్ మార్చడం మానేసి పాలోమార్ ముడిని మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను.

డ్రాప్‌షాట్ లాంటి తేలికపాటి పనులకు స్పిన్నింగ్ రీల్ తప్పదు. బెయిట్‌కాస్టర్ రకం రీల్‌లో లైన్ బయటికి వెళ్లాలంటే స్పూల్ (లైన్ చుట్టిన కండె) తిరగాలి, చిన్న బరువుకు దాన్ని తిప్పే శక్తి చాలదు. స్పిన్నింగ్‌లో స్పూల్ కదలదు, లైన్ దానంతట అదే చుట్లు విప్పుకుంటూ పోతుంది. మీడియం లైట్ రాడ్, 10 పౌండ్ల బ్రెయిడ్, దాని కొసన 6 లేక 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ ఉంటే చాలు. స్పూల్ మీద మొదట కొన్ని చుట్లు మోనో వేయకపోతే బ్రెయిడ్ మొత్తం గుండ్రంగా జారుతుంది, డ్రాగ్ (చేప గుంజితే లైన్‌ను వదిలే బిగింపు) పాడయిందని అనవసరంగా బెంగపడతారు. విసిరిన తరువాత బెయిల్‌ను (లైన్‌ను పట్టి చుట్టే తీగ కమ్మీని) చేత్తో మూయండి, మెలికలు తగ్గుతాయి. సన్నటి కొక్కెం కాబట్టి గుంజే పనే లేదు, రీల్ తిప్పుతూ రాడ్ ఎత్తితే చాలు.

ఇక చివరికి రీల్. గేర్ నిష్పత్తి 7:1 అంటే హ్యాండిల్ ఒక చుట్టు తిరిగితే స్పూల్ ఏడు చుట్లు తిరుగుతుందని అర్థం. జిగ్‌కూ ఫ్రాగ్‌కూ అంతకు తక్కువ కాకుండా ఉంటే వదులుగా ఉన్న లైన్‌ను చటుక్కున లాక్కోవచ్చు. లోతుకు దిగే క్రాంక్‌బెయిట్ నీటిని బలంగా నెడుతుంది కనుక దానికి 5:1 దగ్గరి రీల్ చేతికి హాయి. వేగంగా తిరిగే రీల్‌నే నిదానంగా తిప్పుకోవచ్చు కదా అని వాదించేవారు ఉన్నారు. తిప్పగలిగినవారు తిప్పవచ్చు, నా చెయ్యి మాత్రం మధ్యాహ్నానికి అలసిపోతుంది, పైగా నాకు తెలియకుండానే వేగం పెంచేస్తుంది. బేరింగుల సంఖ్య మీద నాకు ఏ ఆసక్తీ లేదు. బ్రేకులు నమ్మకంగా ఉన్నాయా, డ్రాగ్ కుదుపు లేకుండా జారుతుందా అన్నవే నేను చూసుకునేవి. ఎర గాలిలో నెమ్మదించాక కూడా స్పూల్ అదే ఊపులో తిరిగితే పడేది పిచ్చుక గూడులాంటి లైన్ చిక్కే, దాన్ని ఆపేవి బ్రేకులూ మన బొటనవేలూ తప్ప బేరింగులు కావు.

ఖరీదైన సరంజామా లేకపోతే పెద్ద చేప పడదని భయపడేవారికి ఒక సంగతి గుర్తు చేస్తాను. లార్జ్‌మౌత్ బాస్ ప్రపంచ రికార్డు అయిన 22 పౌండ్ల 4 ఔన్సుల చేపను జార్జ్ పెర్రీ అమెరికాలోని జార్జియాలో 1932 జూన్‌లో పట్టాడు. అప్పటికి నైలాన్ ఇంకా పుట్టనే లేదు, కార్బన్ రాడ్‌ల ఊసే లేదు. 77 ఏళ్ల తరువాత, 2009లో, జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దానికంటే ఒక ఔన్సులోపు ఎక్కువ బరువున్న చేపను పట్టాడు. కొత్త రికార్డుకు ఆ తేడా చాలదని ఇద్దరినీ సమంగా లెక్కించారు.

పోటీలకు వెళ్లేవారు పడవ మీద పది, పదిహేను రాడ్‌లు పరుచుకోవడాన్ని నేను తప్పుపట్టను. ముడి మార్చే రెండు నిమిషాలు కూడా వారికి విలువైనవే. సెలవు రోజున ఒడ్డున నిలబడే మనలాంటివారికి మూడు రాడ్‌లు చాలునని నా వాదన: ఒంటి ముల్లు కొక్కేలకు మీడియం హెవీ ఫాస్ట్, ట్రెబుల్ కొక్కేలకు మీడియం మోడరేట్, తేలికపాటి ఎరలకు స్పిన్నింగ్. చుట్టూ తామరాకులే ఉంటే నాలుగోది కొనండి.

ఈ లెక్కకు లొంగని ఎర ఒకటి ఉందని ఒప్పుకోవాలి. ముందు రేకు అదురుతూ ఈదే బ్లేడెడ్ జిగ్‌కు ఉండేది లావుపాటి ఒంటి ముల్లు కొక్కెమే అయినా, ఎర ఆగకుండా కదులుతుంటుంది కాబట్టి చాలామంది దాన్ని కొంచెం మెత్తటి రాడ్‌తోనే లాగుతారు. వారి మాటలో న్యాయం ఉంది. నేను మాత్రం దాన్ని జిగ్ రాడ్‌కే కట్టి, 17 పౌండ్ల లైన్ వేసి, చేప తగిలాక ఒక క్షణం ఆగి గుంజుతున్నాను. కొన్ని చేపలు పోతున్నాయి, అందుకని ఈసారి క్రాంక్‌బెయిట్ రాడ్‌తో వేసి చూద్దామని నిన్ననే ఆ స్పూల్‌కు లైన్ మార్చి పెట్టాను.